ఇది ఎక్కడ పెట్టుకునేది?

కిందటేడు మా మేనత్త పోయింది. పెద్దకర్మ అయిన మూడో రోజున గుంటూరు బ్రాడీపేటలోని ఆమె ఇంట్లో నలుగురు ఆడవాళ్ళం కూర్చుని నగలు పంచుకున్నాం. అత్తకు పిల్లలు లేరు. మా అక్క, నేను, చిన్నత్త కూతుళ్ళు ఇద్దరు. రెండు పేటల గొలుసు, నాలుగు గాజులు, రాళ్ళ దుద్దులు, పలకసరుల దండ. భోజనాల బల్ల మీద చిన్న ఎలక్ట్రానిక్ కాటా పెట్టి, ఒక్కొక్కటీ తూచి, చింపిన క్యాలెండరు కాగితం వెనక గ్రాములు రాసుకున్నాం. ఎవరం గొడవపడలేదు. తొంభై ఏళ్ళ మనిషి ఒంటి మీద తిరిగిన బంగారమంతా అరగంటలో అంకెలైపోయింది.

చివరికి బీరువాలో చీరల అడుగున ఒక పౌడరు డబ్బా దొరికింది. అందులో పాత పంచె ముక్కలో చుట్టి ఒక రేకు. రావి ఆకు ఆకారం. నా చూపుడు వేలి రెండు కణుపులంత పొడవు, అంతకు కొంచెం తక్కువ వెడల్పు. అంచు చుట్టూ సన్నటి తీగ అతికారు. ఆకు ఈనెలు పైకి తేలి ఉన్నాయి, అవి కలిసేచోట చిన్న పద్మం. పైన, ఒకదానికొకటి ఎడంగా, తాడు దూరేంత వలయాలు రెండు. వాటిలో ఒకదాని లోపల నల్లటి నూలుపోగు ఇరుక్కుపోయి ఉంది.

"ఇది చిలకలపూడి గిల్టుదై ఉంటుంది. బంగారమైతే లాకర్లో ఉండేది కదా" అంది పెద్ద వదిన.

ఆ మాటలో న్యాయం ఉంది. విలువైనవన్నీ అత్త బ్యాంకులోనే పెట్టింది. ఇది ఒక్కటే ఇంట్లో దాచుకుంది. తూస్తే ఆరు గ్రాముల చిల్లర, కాసు బరువు కూడా లేదు. జత లేదు, గొలుసు లేదు, ఎవరి వాటాలోనూ ఇమడలేదు. నా లెక్క కొంచెం తగ్గిందని నా వైపు జరిపారు.

ఆ తరువాత ఏడు నెలలు దాని పేరు కోసం తిరిగాను. తిరగగా తిరగగా ఒక అభిప్రాయం గట్టిపడింది. పెద్దవాళ్ళ నుంచి వచ్చిన నగ ఏమిటో తెలియకపోతే, దాన్ని కొట్టుకు తీసుకువెళ్ళే ముందు ఇంట్లోనూ ఊళ్ళోనూ మిగిలిన ముసలి ఆడవాళ్ళకు చూపించాలి. చూపించి "ఇది ఎక్కడ పెట్టుకునేది?" అని అడగాలి. ఈ మాట చాదస్తంగా వినిపిస్తుందని తెలుసు. అందుకే నాకు కలిగిన సందేహాలతో సహా చెబుతాను.

యంత్రం చెప్పింది, చెప్పనిది

నేనూ మొదట కొట్టుకే వెళ్ళాను. విజయవాడ వన్‌టౌన్‌లో మా వాళ్ళు ఎప్పటి నుంచో వెళ్ళే కొట్టు. కుర్రాడు ఆకును యంత్రంలో పెట్టాడు. అర నిమిషంలో తెర మీద 83 పైచిలుకు శాతం అని వచ్చింది. "20 క్యారెట్లమ్మా, పాత బంగారం. మార్చుకుంటారా?" అన్నాడు. ఇది ఏమిటి బాబూ అంటే "లాకెట్టు" అన్నాడు. రెండు వలయాలున్నాయి కదా అంటే "ఒకటి కత్తిరించి ఇస్తాం" అన్నాడు.

ఆ అబ్బాయిని నేను తప్పుపట్టను. అతడు పుట్టేసరికే ఇటువంటివి కట్టడం మానేశారు. యంత్రాన్ని అసలే తప్పుపట్టను. నాణ్యత విషయంలో మన అమ్మలు, అమ్మమ్మలు ఎంత మోసపోయారో అందరి ఇళ్ళలోనూ కథలున్నాయి. 22 క్యారెట్లని చెప్పి అమ్మింది కరిగించేటప్పుడు 18కి దిగిన ఏడుపులు నేను స్వయంగా విన్నాను. 2021 జూన్‌లో హాల్‌మార్కు దశలవారీగా తప్పనిసరి అవడం మొదలైంది. 916 ముద్ర పక్కన ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య కూడా వచ్చింది. ఆ పోరులో కొనేవాళ్ళు కొంత గెలిచారు. అయితే ఆ గెలుపులో మనకు తెలియకుండానే ఒక అలవాటు పడింది. నగను చూడగానే మన నోట వచ్చే మొదటి ప్రశ్న "ఎంత" అన్నదే. ఎంత బరువు, ఎంత నాణ్యత, తరుగు ఎంత, మజూరీ ఎంత. రెండో ప్రశ్న నాలుక దాకా రావడం లేదు.

ఫోనులో ఫోటో పెట్టి వెతికాను. ఆకు లాకెట్లు వందల కొద్దీ వచ్చాయి, ధరలతో సహా. కొట్టు కుర్రాడు చెప్పిందే ఫోనూ చెప్పింది. ఇద్దరికీ తెలిసింది ఇప్పుడు అమ్ముడవుతున్నవే.

మూడు పేర్లు

అత్త పక్కింటి బామ్మగారికి చూపిస్తే పాపిడిబిళ్ళ అన్నారు, గొలుసు తెగిపోయి ఉంటుందన్నారు. మా అమ్మ చాలాసేపు తిప్పి చూసి, "రావిరేక కదే ఇది, చంటిపిల్లలకు నుదుటి మీద వేలాడదీసేవాళ్ళు" అంది. చిన్నత్త, ఇంకా ఉంది కాని చూపు ఆనదు, వేళ్ళతో తడిమి "దేవుడి పటానికి వేసేదేమో" అంది. ముగ్గురు పెద్దవాళ్ళు, మూడు పేర్లు. నేను ఇప్పుడు చెబుతున్న సలహాకు ఇదే పెద్ద దెబ్బ. ముసలివాళ్ళను అడగండి అంటున్నాను కాని, ముసలివాళ్ళ జ్ఞాపకం ఒకటిగా ఉండదు. తమ పుట్టింట్లో చూసినదాన్ని అత్తింటి వస్తువు మీద పెట్టి చెబుతారు. మా అమ్మ ఈ ఇంటికి వచ్చింది 1970ల్లో. అప్పటికి ఈ ఆకు డబ్బాలోకి వెళ్ళిపోయి ఎన్నేళ్ళయిందో!

రావిరేక అన్న మాట నన్ను దాదాపు ఒప్పించింది. పేరు అందంగా ఉంది, ఆకారానికి సరిపోయింది. అక్కడితో ఆగిపోయేదాన్నే. కాని ఆ రెండు వలయాలు కుదరనివ్వలేదు. నుదుటి మీద వేలాడేదానికి ఒక్క కొక్కెం చాలు, రెండెందుకు?

ఆ అనుమానంతోనే గుంటూరు పట్నం బజారు వెనక సందులో ఒక పెద్దాయన దగ్గరకు వెళ్ళాను. స్వర్ణకారుల ఇంట పుట్టినవారు. వాళ్ళ నాన్నగారు 1963లో కుంపటి ఆర్పేశారట. 14 క్యారెట్లకు మించిన నగ చేయకూడదని బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చిన ఏడాది అది. 1968లో చట్టమే వచ్చింది, 1990 దాకా పోలేదు. ఆ మధ్యలో ఆ ఇంట్లో ఒక తరం వేరే పనుల్లోకి వెళ్ళిపోయింది. ఈయన మాత్రం పాత నగలు అతకడం, పాలిష్ పెట్టడం చేస్తూ వచ్చారు. పేర్లు పోవడం గురించి మాట్లాడేటప్పుడు మనం ఆడవాళ్ళ మతిమరుపునే అంటాం. ఆ పేర్లతో బేరమాడి, అచ్చుపోసి, చేసి ఇచ్చిన చేతులే ఖాళీ అయిన సంగతి తలుచుకోం.

ఆచారి గారు ఆకును గీటురాయి మీద గీయలేదు. ముందువైపు ఒక్క క్షణం చూసి బోర్లించారు. ఎంతసేపూ వెనకవైపే చూశారు. "ముందు మాది, వెనక మీదమ్మా. పెట్టుకున్నవాళ్ళ గుర్తులన్నీ వెనకే ఉంటాయి" అన్నారు. వెనక రేకు అద్దంలా నున్నగా అరిగి ఉంది. బట్ట మీద ఆనితే ఇలా అరగదని, ఒంటికి ఆని తిరిగిందని చెప్పారు. అంచున తీగ అతికింది అందానికి కాదట, రేకు అంచు లేత చర్మాన్ని కోయకుండానట. రెండు వలయాలు ఎడంగా ఉన్నది ఆకు గిరగిరా తిరిగిపోకుండా ఒకే వైపు నిలవడానికి. తాడు రాసుకుని వలయాల లోపలివైపు సగానికి పలచబడ్డాయి. కొనవైపు చిన్న సొట్టలు నాలుగు. భూతద్దం నా చేతికిచ్చి, "పాలపళ్ళు" అన్నారు. వలయంలో ఇరుక్కున్న నల్లపోగును చూపించి, సూదితో తీసేయమంటారా అని అడిగారు. ఎందుకో వద్దన్నాను.

ఇన్ని చెప్పినాయన పేరు మాత్రం చెప్పలేదు. "మీ ఇంట్లో పెద్ద ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది ఎక్కడ కట్టేదో అడగండమ్మా. వాళ్ళు చెబితేనే బాగుంటుంది" అని తల దించుకున్నారు.

ఎక్కడ కట్టేది! అంతవరకు నేను అందరినీ అడిగింది "ఇది ఏమిటి" అని. మన నగల పేర్లన్నీ ఒకసారి పైనుంచి కిందికి అనుకుని చూడండి. పాపిడిబిళ్ళ, చెంపసరాలు, ముక్కుపుడక, జడబిళ్ళ, దండకడియం, మొలతాడు. పేరులోనే ఒళ్ళు ఉంది. చిన్నప్పుడు అందరం బట్టీపట్టిన చిన్నికృష్ణుడి పద్యం కూడా అంతే, సందిట తాయెత్తులు అంటుంది కాని తాయెత్తులు ఎన్ని తులాలో చెప్పదు. అమరావతి శిల్పాలు చూసినప్పుడల్లా నాకు దీనికి తిరగేసిన బాధ కలుగుతుంది. రెండు వేల ఏళ్ళ నాటి ఆ స్త్రీల నడుముకు పేటలు పేటలుగా మేఖల, కాళ్ళకు బరువైన కడియాలు. ఎక్కడ పెట్టుకున్నారో రాతిలో స్పష్టంగా ఉంది, ఇంట్లో వాటిని ఏమని పిలిచారో అడగడానికి ఎవరూ లేరు. నా ఆకు విషయంలో అడగడానికి ఇంకా మనిషి ఉంది. తెనాలి దగ్గర పల్లెలో మా నాన్న పినతల్లి కూతురు. ఎనభై ఆరేళ్ళు.

వెళ్ళి, అత్తయ్యా, ఇది ఎక్కడ కట్టేవాళ్ళు అని అడిగాను. ఆమె అరచేతిలో పెట్టుకుని నవ్వింది. "ఏమే అమ్మాయ్, ఇంత పెద్దదానివి, సిగ్గుబిళ్ళ తెలియదా? ఆడపిల్లకు మొలతాడుకు కట్టేది. మా అత్తగారు మరుగుబిళ్ళ అనేది." చాలా ఇళ్ళలో వెండివే ఉండేవని, ఇది కాస్త కలిగిన రోజుల్లో చేయించినదని చెప్పింది. పిల్ల నిలబడే నాటి నుంచి పరికిణీ కట్టే దాకా. గౌన్లు, చెడ్డీలు కుట్టించడం మొదలయ్యాక దీనితో పని లేకపోయింది. స్నానానికి విప్పి చేతికిస్తే నోట్లో పెట్టుకునేవాళ్ళట.

సిగ్గు ఎవరిది

ఇంటికి వచ్చాక ఆ పేరు నన్ను నిద్రపోనివ్వలేదు. ఏడాది పిల్లకు సిగ్గేమిటి? చూసేవాళ్ళది కదా సిగ్గు. అదే ఇంట్లో మగపిల్లవాడు వట్టి మొలతాడుతో వీధంతా తిరిగేవాడు. దాచాల్సింది పుట్టుకతోనే ఉందని ఆడపిల్లకు బంగారంతో చెప్పడం, అదీ ముద్దుచేస్తూ చెప్పడం! ఈ వస్తువు పేరు పోతేనే మంచిదేమో అని ఒక రాత్రంతా అనుకున్నాను. మనం పోగొట్టుకున్నవన్నీ నిలుపుకోవాల్సినవి కావు. సిగ్గుబిళ్ళను మళ్ళీ పిల్లలకు కట్టమని ఎవరైనా అంటే నేనే ముందు అడ్డుపడతాను.

అయినా పేరు ఉండాలనే తేల్చుకున్నాను. పేరు పోతే ఆ రేకు అందమైన ఆకు అయిపోతుంది. మన పూర్వపు స్త్రీలు రావి ఆకు లాకెట్లు వేసుకునేవారట అని ఒక అబద్ధం మిగులుతుంది. వాళ్ళు పెట్టుకున్నది, వాళ్ళకు పెట్టినది రెండూ తెలిస్తేనే వాళ్ళ బతుకు తెలుస్తుంది. మరుగుబిళ్ళ అని కూడా ఒక పేరు ఉంది కదా, ఆ మాట అన్న అత్తగారు ఎవరో గాని ఆమె మీద నాకు గౌరవం కలిగింది. మరుగు అంటే చాటు. పిల్లకు చాటు ఇవ్వడం వేరు, సిగ్గు అంటగట్టడం వేరు. ఒకే రేకుకు రెండు ఇళ్ళలో రెండు మనసులు.

ఈ సంగతి చెప్పినప్పుడు మా వాళ్ళలో పెద్ద చర్చే జరిగింది. అక్క కూతురు విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతోంది. "పిన్నీ, దీన్ని నల్లతాడుకు కట్టి మెడలో వేసుకుంటాను" అంది. చిన్న వదిన చేతులు అడ్డంపెట్టినంత పని చేసింది. "ఎక్కడ కట్టేదో తెలిసి మెడలో వేసుకుంటావా?" "తెలిసే వేసుకుంటాను" అంది పిల్ల. వదిన బాధ నాకు అర్థమైంది, అపవిత్రమని ఆమె భయం. కాని నేను పిల్ల పక్షానే ఉన్నాను. కొట్టులో ఒక వలయం కత్తిరించి లాకెట్టుగా ఇచ్చి ఉంటే ఆ పిల్లకు ఏమీ తెలియకుండా వేసుకునేది. ఇప్పుడు అడిగినవాళ్ళకు చెబుతుంది. రెండూ మెడలో ఆకే, కాని ఒకటి కాదు.

కరిగించడం తప్పా

ఇక్కడ నన్ను నేను నిలదీసుకోవాల్సిన చోటు ఉంది. నా డిగ్రీ చదువు మా అమ్మ కాసులపేరుతో అయింది. నాన్న పంట రెండేళ్ళు వరసగా పోతే అది గుంటూరు వెళ్ళి డబ్బై వచ్చింది. అమ్మ ఏడవలేదు. "బంగారం ఎందుకే మరి, మెడలో బరువుకా?" అంది. మన ఇళ్ళలో నగ ఎప్పుడూ ప్రదర్శనశాల వస్తువు కాదు. నాయనమ్మ మెడలో వేసుకునే కంటెను కరిగించి ఇద్దరు కూతుళ్ళకు గొలుసులు చేయించారు, ఆ గొలుసు కరిగి ఎవరి గాజుల్లో ఉందో. కరిగించడమే ఆచారం. పైగా బంగారం తూచడం నీచమని అనడానికి నాకు నోరు రాదు. ఆడపిల్లకు పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది, అదీ అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. మా మేనత్త పెళ్ళి 1950ల్లో. ఆమెకు పుట్టింటి భూమిలో సెంటు కూడా రాలేదు. ఒంటి మీద పెట్టి పంపిందే ఆమె వాటా. గ్రాము గ్రాము లెక్క చూసుకునే హక్కు అటువంటి ఆడవాళ్ళకు కాక ఎవరికి ఉంటుంది?

కాబట్టి కరిగించవద్దని నేను అనను. పేరు తెలుసుకుని కరిగించండి అంటాను. ఫోనులో ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి ఫోటో తీయండి. ఎక్కడ పెట్టుకునేది, ఎవరెవరు పెట్టుకున్నారు, రెండు వాక్యాలు రాయండి. ఆపదలో అమ్ముకునేవాళ్ళకు కూడా ఇది బరువు కాదు. పేర్లు తేడా వస్తే, మా ఇంట్లో వచ్చినట్టు మూడు పేర్లు వస్తే, మూడూ రాయండి. వస్తువును చూస్తే ఏది నిలుస్తుందో తెలుస్తుంది. అరిగిన వెనకవైపు అబద్ధం చెప్పదు, ఒకరి జ్ఞాపకాన్ని అది సరిదిద్దుతుంది. ముసలివాళ్ళను అడగాలన్న నా సలహాకు ఇది సవరణ. అడగాలి, వస్తువు చేతిలో పెట్టి అడగాలి. ఫోనులో ఫోటో చూపిస్తే మా తెనాలి అత్తయ్యకు కూడా ఏమీ గుర్తురాలేదు. అరచేతిలో పడ్డాకే నవ్వింది.

మళ్ళీ తెనాలి వైపు

ఆ రెండు వాక్యాలు రాయడానికి కూర్చుంటే నా దగ్గర ఒక్కటే ఉంది. ఎవరెవరు కట్టుకున్నారో నేను అడగనే లేదు. పేరు దొరికిన సంతోషంలో లేచి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళాను.

అత్తయ్య వేళ్ళు మడిచి చెప్పింది. మా నాయనమ్మకు. ఆమె చెల్లెలికి. మా మేనత్తకు. చిన్నత్తకు కట్టలేదట, అప్పటికే గౌను కుట్టించారట. ఇంకో వేలు మడిచి, "మీ నాన్నకు" అంది.

నాన్నకా? ఆడపిల్లలకు కట్టేది కదా అన్నాను.

"వాడికి ముందు ఇద్దరు మగపిల్లలు పోయారే. వీడు పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకున్నారు. ముక్కు కుట్టించారు. జడ వేసి, ఈ బిళ్ళ కట్టి, ఆడపిల్ల అన్నారు. మృత్యువు చూసినా ఆడపిల్ల అనుకుని వదిలేస్తుందని."

నాన్నను ఊళ్ళో పెద్దవాళ్ళు పెంటయ్యా అని పిలవడం నేను విన్నాను. ఆయన ముక్కు మీద చిన్న నొక్కులాంటి మచ్చ ఉండేది. అమ్మవారు పోసిన మచ్చ అనుకునేవాళ్ళం, ఎన్నడూ అడగలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

మృత్యువు అక్కర్లేదనుకునేది ఆడపిల్లనే అని నమ్మిన ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల ఉంది, పదేళ్ళది, మా మేనత్త. తన మొలకు కట్టిన బిళ్ళ తమ్ముడికి కట్టారు. "అది బడికి వెళ్ళే ముందు రోజూ వాడి మొలతాడు పట్టుకుని లాగి చూసేది. ముడి ఊడితే పిల్లవాడు పోతాడని ఎవరో అన్నారు దానితో. నాకు అదే గుర్తు" అంది అత్తయ్య. ఇంకేమైనా గుర్తుందా అని అడిగాను. లేదంది.

అక్క కూతురికి ఇచ్చేటప్పుడు ఈ మాటలన్నీ ఒక కాగితం మీద రాసి డబ్బాలో పెట్టాను. కొత్త నల్లతాడు తనే తెచ్చుకుంది, రెండు వలయాల్లోనుంచీ దూర్చింది. పాత పోగు మాత్రం లోపల అలాగే ఉంది.